పావురాలు రాని బాల్కనీ

నిన్న కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఎవరి బాల్కనీలోనో పావురాలను బెదరగొట్టడానికి కట్టిన సీడీలు ఎండకు తళుక్కుమన్నాయి.

నా చిన్నప్పుడు మా పై వాటాలో కిరాయికి ఉండే రవి అన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే, స్నేహితులతో కలిసి ఒక రాక్ ఆల్బమ్ చేశాడు. ఎవరూ కొనలేదు. మిగిలిపోయిన సీడీలు కొన్ని మాకిచ్చాడు. మాకు ప్లేయర్ లేదు. “ఇగ పావురాల పరేషాన్ ఉండదు” అంటూ అమ్మ వాటిని బాల్కనీ గ్రిల్‌కు కట్టింది. వాటి మీద అచ్చేసిన అన్న పేరు వీధంతా కనిపిస్తోందని నేను మురిసిపోయాను. అన్నను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించాను.

అన్న కాసేపు చూశాడు. “పావురాలు వస్తున్నాయా చిట్టీ?”

“ఒక్కటి గూడ వస్తలేదన్నా!” అన్నాను గొప్పగా.

“అయితే వాటిక్కూడా నచ్చలేదన్నమాట” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నిన్న ఇంటికెళ్లి, అప్పట్లో గ్రిల్ నుంచి విప్పి పాత పెట్టెలో వేసిన వాటిలో మిగిలిన ఒక్క సీడీ వెతికి, పాత కంప్యూటర్‌లో పెట్టి విన్నాను. గిటార్ల హోరులో, తాతల కాలం రేడియో పాటల తీపి. ఇంత బాగుంటుందని అనుకోలేదు. అయితే గాలికి ఊగుతూ గ్రిల్‌కు రాసుకుని పడిన గీతల వల్ల మూడో పాట సగంలోనే ఆగిపోయింది.

మిగతాది ఎలా ఉంటుందో అడుగుదామంటే, అన్న ఎక్కడున్నాడో తెలియదు.