కండక్టరమ్మ బూట్లు

తెల్లారేసరికి కండక్టరమ్మ ఎడమ బూటు పూర్తిగా నోరు తెరిచేసింది. రెండు రోజుల ముందే అది మడమ దగ్గర పళ్ళికిలించింది. పట్నం దాకా లాగుతుందిలే అని ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు గుడారం తాడు ముక్క ఒకటి కోసి, ఊడిన అడుగును పైభాగంతో కలిపి నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. "ఇంకొక్క పూట ఓపిక పట్టవే తల్లీ," అని బూటుకే చెప్పి, సంచి వీపున వేసుకుని లేచింది.

నలభై రోజులుగా ఆమె కొండల వెంట నడుస్తోంది. అక్క పంపిన పార్సిల్ పట్నం పోస్టాఫీసులో ఉంది. అందులో కొత్త బూట్లు, పది రోజుల తిండి. ఆ రోజు శనివారం. ఒంటిగంటకు పోస్టాఫీసు మూస్తే మళ్ళీ తెరిచేది సోమవారమే. పట్నానికి అవతల ఉన్న అడవి గేటును ఆదివారం సాయంత్రం మూసేస్తారు, వానలు తగ్గేదాకా నాలుగు నెలలు ఎవరినీ రానివ్వరు. అంటే ఒంటిగంటలోపు పార్సిల్ చేతికి రాకపోతే నడక అక్కడితో సరి. మిగిలిన సగం దారి వచ్చే ఏడాది మాట. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి వచ్చే ఏడాది మోకాళ్ళు ఏమంటాయో ఎవరు చెప్పొచ్చారు?

ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. ఒకటే రూటు, చివరి స్టేజీ కొండ అడుగున. అక్కడ అందరూ దిగి, సంచులు తగిలించుకుని పైకి పోయేవాళ్ళు. ఆమె మాత్రం సీట్ల కింద ఎవరైనా గొడుగు మరిచిపోయారేమో చూసి, తలుపు వేసి, "రైట్" అని బస్సును వెనక్కి తిప్పించేది. రోజుకు నాలుగు ట్రిప్పులు. కొండ అవతల ఏముందో చూసింది లేదు. ఆ కసితోనే, రిటైరైన వారానికి రెండు జతల బూట్లు కొనుక్కుంది.

ఒకే ఇంట్లో ఉండే అక్కకు ఈ నడక బొత్తిగా గిట్టలేదు. "ఇన్నేళ్ళు ఊళ్ళు తిరిగింది చాలదటే?" అని మూతి ముడుచుకుంది. బయల్దేరిన రోజు గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానక్కా" అంటే, "వెళ్ళిరా" అనలేదు. పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవని చెల్లెలికి తెలుసు. పార్సిళ్ళు చెప్పిన తేదీకి పంపుతూనే ఉంది, ఫోన్ చేస్తే మాత్రం ఒకటే ప్రశ్న: ఎప్పుడొస్తావు? ఆ ఒక్క 'వెళ్ళిరా' దక్కలేదన్న బాధ కండక్టరమ్మకు ఎన్ని కొండలు దాటినా పోలేదు.

తొమ్మిదింటికి దారి రెండుగా చీలింది. ఒకటి తిన్నగా, ఒకటి కుడికి. అక్కడే గుడిసె మెట్ల మీద అడవి గార్డు గడ్డం గీసుకుంటున్నాడు.

"పట్నానికి ఎటు బాబూ?"

అతను సబ్బు నురగలోంచి "రైట్" అన్నాడు.

ఇంకెవరైనా అయితే కుడికి తిరిగేవాళ్ళు. ఈవిడకు ముప్పై ఒక్క ఏళ్ళుగా రైట్ అంటే ఒకటే అర్థం, పోనివ్వమని. తిన్నగా పోనిచ్చింది. అరగంట నడిచాక దారి పాత రాళ్ళ క్వారీ గోడకు తగిలి ఆగిపోయింది. తల బాదుకుని, వచ్చిన దారినే మళ్ళీ అరగంట నడిచి వెనక్కి వచ్చేసరికి గార్డు నున్నటి గడ్డంతో టీ తాగుతున్నాడు.

"రైట్ అని చెప్పాను కదమ్మా!"

"చెప్పావు. అందుకే తిన్నగా పోయాను."

"రైట్ అంటే తిన్నగా పోవడమా? ఎక్కడమ్మా?"

"మా బస్సులో," అని ఆగకుండా కుడికి తిరిగింది. గంట గంగపాలు.

తారు రోడ్డు ఎక్కేసరికి పన్నెండు దాటింది. పట్నం ఇంకా నాలుగు కిలోమీటర్లు. పాల వ్యాను ఒకటి పక్కన ఆగింది.

"ఎక్కండమ్మా, ఐదు నిమిషాల్లో దింపేస్తా," అన్నాడు డ్రైవరు, తాడు కట్టిన బూటును జాలిగా చూస్తూ.

ఎక్కితే పార్సిల్ ఖాయం. ఆమె కాలు ఫుట్‌బోర్డు దాకా లేచింది కూడా. "వద్దు బాబూ. మొత్తం నడిచే వెళ్తానని మాటిచ్చాను."

"ఎవరికి?"

"నాకే."

"మరి ఇక్కడ ఎక్కితే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదయ్యా."

వ్యాను మలుపు తిరిగిందో లేదో, తనను తాను మొండిఘటమని తిట్టుకుంటూ పరుగులాంటి నడక అందుకుంది. తాడు అరిగి తెగిపోయింది. బూటు టపటపా కొట్టుకుంటున్నా ఆగలేదు.

పోస్టాఫీసు వీధి మొదట్లోకి వచ్చేసరికి, చివర ఉన్న గుమాస్తా షట్టరు కిందికి లాగుతున్నాడు. పరిగెత్తినా అందదు. కండక్టరమ్మ ఛాతీ నిండా గాలి పీల్చి, కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు నుంచి డ్రైవరు చెవిలో పడేలా అరిచే అరుపు అరిచింది.

"హోల్డాన్!"

సైకిలు మీద పోతున్నవాడు బ్రేకు వేశాడు. కూరగాయల బండి ఆగింది. గుమాస్తా చేతిలో షట్టరూ సగంలో ఆగింది.

"టైమైపోయిందమ్మా," అన్నాడు ఆమె దగ్గరికి వచ్చాక.

"లోపల మీ గోడ గడియారం చూసి చెప్పు నాయనా."

వంగి చూశాడు. ఇంకా రెండు నిమిషాలుంది. షట్టరు పైకెత్తి పార్సిల్ తెచ్చిచ్చాడు.

లాడ్జి గదిలో మూడు బకెట్ల నీళ్ళు పోసుకుంటే గానీ ఒంటి రంగు బయటపడలేదు. బట్టలుతికి కిటికీకి ఆరేసి, మంచం మీద కూర్చుని పెట్టె విప్పింది. వేరుసెనగలు, పాలపొడి, ఎండుద్రాక్ష, సబ్బు. అడుగున బూట్లు. చేతిలోకి తీసుకోగానే ఆమెకు ఒళ్ళు మండింది. వేళ్ళ దగ్గర ముడతలు, ఎడమ మడమ బయటివైపు అరుగుదల. ఎవరో వాడేసిన బూట్లు! వెంటనే అక్కకు ఫోన్ చేసింది.

"నేను దాచిన కొత్త జత ఏదక్కా? ఇవెవరివి?"

"అవే ఇవి. కొత్తవి కరుస్తాయి కదటే. నువ్వెళ్ళిన మర్నాటి నుంచీ నేనే వేసుకుని మేడ మీద తిరిగాను, నెల రోజులు. ఇద్దరిదీ ఒకటే కొలతాయె."

"మేడ మెట్లు ఎక్కలేనంటావు, ఆ ఈడ్చే ఎడమ కాలితో..."

"నా కాలు, నా ఇష్టం."

కండక్టరమ్మ ఏడ్చేసింది. అవతల అక్క గొంతు సవరించుకుంది.

"చిన్నీ, బస్సు కదలాలంటే ఏదో అంటావు చూడు, ఏమిటే అది?"

"రైట్."

"ఆఁ, అదే. రైట్."

ఫోన్ పెట్టేశాక ఆమె బూట్లు తొడుక్కుని, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. ఎక్కడా కరవలేదు.