సుభద్ర పరీక్ష రాసినంతసేపూ

అరకులోయలో మాకో చిన్న మందుల షాపు ఉంది. సెలవుల్లో మా షాపులో పనిచేసే సుభద్రకి ఫార్మసీ చదవాలని పిచ్చి. ఎంట్రన్స్ సెంటరేమో విశాఖలో పడింది. ఈసారి సీటు రాకపోతే చదువు మానేసి కాఫీ తోటకి రావాల్సిందేనని వాళ్ళ నాన్న తెగేసి చెప్పాడు. సరే, నేను తీసుకెళ్తానన్నాను.

పరీక్ష మధ్యాహ్నం రెండున్నరకి. కిరండూల్ రైలు వేళలు దానికి కుదరవు. అందుకని రానూపోనూ నాలుగు వేలకి జీపు మాట్లాడుకుని ఏడింటికే బయల్దేరాం. అనంతగిరి దగ్గర మంచు ఎంతలా కమ్మేసిందంటే, డ్రైవర్ అప్పారావు బండి పక్కకి తీసి ఆపేశాడు. ఇంజన్ ఆగగానే సుభద్ర మణికట్టుకున్న నల్లతాడు గట్టిగా పట్టుకుంది.

"ఏటి గుంటా, అలాగ వణికిపోతన్నావు?" అన్నాడతను.

"మా నానమ్మ పిలుస్తంది. పోయినకాణ్ణించీ అంతే. మా ఊళ్ళో దెయ్యాలకి మంత్రమేసే గురువు ఆవిణ్ణి ఈ తాడుకి కట్టినాడు. పలక్కపోతే ఏం సెయ్యదు."

నాకు ఒళ్ళు మండింది. "మందులు చదవబోయేదానివి, ఇవేం మాటలే!" అని కసిరాను. మంచు విడిచాక మళ్ళీ బయల్దేరాం.

ఎస్.కోటలో టిఫిన్ చేసి ఒంటిగంటకల్లా సెంటర్ చేరాం. లైన్లో మా వంతు వచ్చేసరికి రెండు కావస్తోంది. తనిఖీ చేసే ఆవిడ తాడు తీస్తేనే లోపలికి అంది. సుభద్ర ముఖం పాలిపోయింది. "కింద పెట్టకూడదక్కా! మనిషి ఒంటిమీదే ఉండాల. లేకపోతే ఇంటికెళ్ళిపోదాం" అని ఏడుపు లంకించుకుంది. "బేగి తేల్చండమ్మా, గేటేసేత్తాం" అని వాచ్‌మన్ కేకలు. ఖర్మరా బాబూ అనుకుని చెయ్యి చాచాను. తాడు నాకు కట్టి, "పలక్కక్కా" అని లోపలికి పరుగెత్తింది.

ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాను. మండుటెండ, రోడ్డు మీద పురుగు లేదు. వెనకనుంచి ముసలి గొంతు, "సుభద్రా" అంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. "ఎవరో పిలిచారు కదా?" అని టీ కొట్టామెని అడిగాను. "నాకేటీ ఇనబడనేదమ్మా" అంది. మళ్ళీ పిలిచింది, ఈసారి చెవి పక్కనే, చుట్ట వాసనతో సహా. పరీక్ష అయ్యేదాకా పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

సుభద్ర నవ్వుతూ వచ్చింది. "సెవుల్లో సప్పుడే లేదక్కా! ఎంత హాయిగా రాసినానో! తాడిచ్చెయ్యి."

ఆ ముఖం చూశాక ఇవ్వడానికి మనసొప్పలేదు. "సీటు వచ్చేదాకా నా దగ్గరే ఉండనీ" అన్నాను.

తాడు ఇంకా నా చేతికే ఉంది; రాత్రుళ్ళు ఆవిడ పిలుస్తూంటే నాకే నిద్ర పట్టడం లేదు. ఇన్నేళ్ళుగా షాపులో నిద్ర పట్టదన్న వాళ్ళకి మాత్రలిచ్చి పంపేదాన్ని, ఎందుకు పట్టడంలేదని ఒక్కరినీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇక పరీక్షకి వెళ్ళే పిల్లలకి ఒక్క మాట: చేతి తాళ్ళూ గాజులూ గేటు దాకా తేకండి, ఇంట్లోనే ఎవరికైనా అప్పగించి రండి. అది ఏం తాడో మాత్రం వాళ్ళకి ముందే చెప్పండి.