టమోటా ఆకు వాసన

ఇటలీ నుంచి తెచ్చుకున్న వైన్ సీసాను ఈ సాయంత్రం మదనపల్లెలో, మా మేడమీద తెరిచాను. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే నలిపిన టమోటా ఆకు వాసన. రెడ్డెమ్మగారు వచ్చి ఎదురుగా నిలబడినట్టయింది.

పుంగనూరులో ఆమెది ఫొటో స్టూడియో. ఒకప్పుడు ఫొటోలు తీసేవాళ్లే మా ఇంటికి వచ్చేవారు. మా మిల్లు అమ్ముడుపోయి, దాని గోడమీది మా ఇంటిపేరు కనబడకుండా కొన్నవాళ్లు సున్నం కొట్టించిన ఏడాదే నేను ఆమె దగ్గర పనికి కుదిరాను. అయినా ఇస్త్రీ చొక్కా లేకుండా ఏనాడూ స్టూడియో మెట్లెక్కలేదు. ఆ పేరు మళ్లీ ఒక గోడ ఎక్కాలన్నది అప్పటినుంచీ నా పంతం.

విత్తనాల దుకాణం క్యాలెండరు కోసం ఒక ఉదయం కుప్పం దగ్గర టమోటా తోటకు వెళ్లాం. నేను కెమెరా తీయబోతే ఆమె నా చేతిలో ఒక టమోటా పండు పెట్టారు.

“ముందు తినప్పా.”

“వెలుతురు మారిపోతుందమ్మా.”

“మారనీలే. చేను రుచి తెలీకుండా యాడ నిలబడి తీస్తావు?”

తిన్నాను. గట్టి పులుపు. రాళ్ల నేల, నీళ్లు తక్కువ, అందుకే ఆ పులుపన్నారు. ఆ రాళ్లు కనబడాలంటే నేలమీద పడుకుని తీయాలట. నేను కదల్లేదు.

“ఏం దొరా, నడుము వంగదా? పొనుకో. మీ తాత మీసానికి మన్ను అంటదులే!”

తోట రైతు పగలబడి నవ్వాడు. కోపంతోనే పడుకున్నాను. ఆ ఫొటోనే క్యాలెండరు అట్టమీదికెక్కింది.

ఆమె పోయాక, నా సంపాదనతో, ఒక ఫొటోగ్రాఫర్ల బృందంతో కలిసి ఇటలీలోని టస్కనీ వెళ్లాను. పొద్దున కొండలను ఫొటోలు తీయడం, మధ్యాహ్నం వైన్ రుచి చూడడం, అదీ యాత్ర. మేము దిగిన ద్రాక్షతోట యజమాని ఒక పెద్దాయన. మా ఫొటోల్లో నచ్చినదాన్ని, తీసినవారి పేరుతో, వైన్ పీపాలుంచే నేలమాళిగ గోడకు తగిలిస్తానన్నాడు. అందరూ కొండమీది పొడవాటి సైప్రస్ చెట్ల వరుసవైపు పరుగెత్తారు. నేను ముందు గ్లాసు అడిగాను.

“ఏం వాసన?” అన్నాడాయన.

“టమోటా ఆకు.”

“సరిగ్గా పట్టావు! మీ ఊళ్లో టమోటాలు పండుతాయా?”

“మా టమోటా మార్కెట్ యార్డు చూసుంటే ఆ మాట అడగరు.”

ఆయన నవ్వి, ఆ ద్రాక్ష పండిన వాలు చూపించాడు. అంతా రాళ్లు. అటువైపు ఎవరూ వెళ్లలేదు. తెల్ల ప్యాంటుతోనే ఆ రాళ్లమీద పడుకున్నాను. ఎవరూ చెప్పకుండానే.

ఫొటో చూసి పెద్దాయన కలం, కాగితం తీశాడు. తర్వాత పేరడిగాడు. నిటారుగా నిలబడి, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం పలికి రాయించాను. ఇప్పుడది ఆ గోడమీద ఉంది.

ఆ ప్యాంటు మోకాళ్ల దగ్గర ఆ కొండ మట్టి మరక ఇంకా అలాగే ఉంది. ఉతకడానికి వేయలేదు. ఇస్త్రీ మాత్రం చేయించాను.