కమలమ్మ పిన్నీసు

కోటగిరిలో ముల్లు గుచ్చుకున్నవాళ్లు ముందు కమలమ్మ గడపే తొక్కుతారు. ఆమె ఎడమచేతి గాజుకు ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తన కొంగుకు, ఇంకొకటి ఊళ్లోవాళ్ల కాళ్లకు. వచ్చినవాళ్ల పాదాన్ని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కుతూ పోతుంది. "ఈడనా? ఈడనా?" మనిషి కెవ్వుమన్న చోట పిన్నీసు దించుతుంది. ముల్లు వచ్చాక బెల్లం, సున్నం, పసుపు కలిపి నూరిన ముద్దను ఆ రంధ్రంలో గట్టిగా కూరుతుంది. మూతి మూస్తే రోగం లోపలికి పోదని ఆమె నమ్మకం. ముప్పై ఏళ్లలో ఎవరూ వచ్చి కాదన్నది లేదు.

నాట్లకు ఇంకా పది రోజులున్నాయి. పన్నెండుమంది ఆడవాళ్ల నాటు ముఠాకు కమలమ్మే పెద్ద. ఆమె ముందు నడిస్తేనే మిగతావాళ్లు మడిలో దిగుతారు. ఈలోగా దేవిదాస్ సేటు తన పాత పశువుల కొట్టం పీకిస్తుంటే ఆ పనికి పోయింది. అక్కడ పనిచేస్తున్న నర్సింలు పొద్దున్నే మేకున్న చెక్క మీద కాలేశాడు. చెప్పును పొడుచుకుని మేకు మడమలో దిగింది.

"అక్కా, సచ్చిన!"

"సావలేదు గని కూసో. మొగోనివి, గింత సీలకు ఊరంతా ఇనబడేటట్టు లొల్లి పెడ్తవేందిరా?" అంటూ పేడలో నానిన ఆ మడమను పైటకొంగుతో తుడిచి, ఇంటి నుంచి ముద్ద తెప్పించి కూరేసింది.

గంట తిరక్కుండానే ఆమె వంతు వచ్చింది. కాకపోతే మేకు దిగిన సంగతి ఆమెకు తెలియనే లేదు. రెండడుగులు వేశాక వెనక ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపించింది.

"అక్కా, చెప్పు కింద చెక్క చెప్పు తొడిగినవా?" నర్సింలు కుంటుతూనే నవ్వాడు.

చూస్తే నీలం రబ్బరు చెప్పును పొడుచుకుని, మేకు వేళ్ల మొదట్లో పాదంలోకి దిగి ఉంది. ఊడబెరికింది. రెండు చుక్కల నెత్తురు. మిగిలిన ముద్ద తన పాదంలో కూరుకుని, "సూసినవా? నాకు నొప్పే లేదు. నీ లెక్క అరిసిన్నా?" అని మళ్లీ పనిలో పడింది.

రెండేళ్లుగా ఆమెకు షుగర్ ఉంది. యాదికొచ్చిన రోజు మాత్ర వేసుకుంటుంది, లేని రోజు లేదు.

మరునాటి నుంచి కమలమ్మకు ఒక చోట నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. పొయ్యి మీద అన్నం పెట్టి వాకిట్లోకి పోతుంది, ఎందుకు వచ్చిందో మరచి తిరిగొస్తుంది. చెప్పు వారు బిగుసుకుంది. పాదం మీద చెయ్యి వేస్తే చేతికి వేడి తగులుతోంది గాని పాదానికి చెయ్యి తగిలినట్టే లేదు. బొటనవేలితో నొక్కి చూసుకుంది. ఈడనా? ఈడనా? ఊరందరి కాళ్లూ పలికాయి గాని ఆమె కాలు పలకలేదు. పలకని చోట పిన్నీసు ఎక్కడ దించాలి? నాట్లు దగ్గరపడుతున్నాయి. నొప్పి లేనిదానికి దవాఖాన ఎందుకులే అని తనకు తానే చెప్పుకుంది. మూడోరోజు నర్సింలు ఫోన్ చేసి కాలు గుంజుతోందంటే తిట్టి పెట్టేసింది.

ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పి రెండడుగులు వేసిందో లేదో, వెనక నుంచి చెల్లెలి కూతురు మేరీ పిలిచింది. మేరీ బోధన్‌లో నర్సు.

"పెద్దమ్మా, ఆగు. నువ్వు అడుగేసిన కాడ బండ మీద తడేంది?"

కమలమ్మ వెనక్కి చూసింది. ఎడమ అడుగుల్లో పచ్చటి మరకలు.

"పసుపు బిడ్డా. మందు ఏసిన."

"పసుపు గిట్ల వాసనొస్తదా?" మేరీ అక్కడే కూర్చుని పాదం చూసింది. తర్వాత మెట్ల కింది చెప్పు తీసి ఎండకు ఎత్తి పట్టింది. శనగగింజంత వెలుతురు కనిపించింది. "ఈ రబ్బరు ముక్క ఏడికి పోయింది?"

"సీలతోని పోయుంటది."

"సీల తోసింది, నీ కాలు లోపలికి పోయింది. నువ్వు మీదికెళ్లి మూత పెట్టినవ్."

పాట మొదలు కాకముందే ఆటో ఎక్కించింది.

బోధన్‌లో డాక్టరు ముద్దనంతా కడిగి తీశాడు. చీము కారింది. చీము వెనక నుంచి నీలం రబ్బరు తునక వచ్చింది. ధనుర్వాతం రాకుండా సూది వేశారు.

"గీ సూది కడుపుతోని ఉన్నప్పుడు ఏసిండ్రు గద!"

"గప్పటిది గిప్పుడు పనిచేస్తదా, పెద్దమ్మా? నీ కొడుకు విజయ్ పాలన్నకే ముప్పయ్యేండ్లు!"

పుండును కుట్టలేదు, పైన గుడ్డ కట్టి వదిలేశారు. లోపలిది బయటికి రావాలన్నారు. షుగర్‌తో పాదం మొద్దుబారిందని, ఇంకో రెండు రోజులైతే వేలు తీయాల్సి వచ్చేదని డాక్టరు మామూలు గొంతుతోనే చెప్పాడు. ఈసారి బురదలో దిగేది లేదన్నాడు.

ముఠా ముందు ఎవరు నడుస్తారు అని అడగబోయి కమలమ్మ ఆగిపోయింది. మంచం మీద లేచి కూర్చుంది. అదే కొట్టం. అదే పేడ. అదే ముద్ద.

"మేరీ, ఫోన్ ఇయ్యి!"

నర్సింలు చాలాసేపటికి ఎత్తాడు.

"కాలెట్లున్నదిరా?"

"చెప్తే తిడ్తవ్ గదక్కా. మడిమ ఉబ్బింది. ఒళ్లు కాలుతుంది."

"ఇను. ఆ ముద్ద నానబెట్టి తీసెయ్యి. నల్లా ఇప్పి, దాని కింద సబ్బుతోని మంచిగ కడుగు. పిన్నీసు ముట్టకు, గెలకకు, ఏమీ పుయ్యకు. సక్కగ బోధన్ రా. నీ చెప్పు సుత తెచ్చుకో."

"ఏ చెప్పు?"

"సీల దిగిన చెప్పురా!"

వాడు వచ్చేదాకా ఆమె కిటికీకీ తలుపుకూ మధ్య చూపులు తిప్పుతూనే ఉంది. నాలుగు గంటలకు నర్సింలు కుంటుతూ వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో చెప్పు. కమలమ్మ పలకరించకుండా చెప్పు లాక్కుని వెలుతురుకు ఎత్తింది. అందులోనూ బొక్క ఉంది.

అలవాటుగా వాడి పాదం అందుకుంది. చెయ్యి గాజు దగ్గరికి పోయి, వెనక్కి వచ్చింది. మడమ పక్కన వేలు ఆనించిందో లేదో వాడు వార్డంతా అదిరేలా అరిచాడు.

"అరువురా," అంది కమలమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "గట్టిగ అరువు. డాక్టరుకు ఇనబడాలె."