లూసిల్ అడిగిన టేపు

ధర్మారావు ముప్ఫై నాలుగేళ్లు ఒక రేడియో స్టేషన్‌లో టేపులతోనే కాపురం చేశాడు. రిటైరయ్యాక, భార్య పోయిన ఏడాదికి, అమెరికాలో, శాన్ రామన్‌లో ఉన్న కూతురు విజయశ్రీ దగ్గరికి వచ్చేశాడు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు వెళ్లిపోతే ఆ ఇంట్లో ఫ్రిజ్ మోత తప్ప మరో చప్పుడుండేది కాదు. ఆయన దాన్నీ చెవిపెట్టి వినేవాడు.

2009 వేసవిలో ఒకరోజు విజయశ్రీ లైబ్రరీ నుంచి ఓ కాగితం తెచ్చింది.

"నాన్నా, ఓక్లాండ్‌లో ఎవరో పాత రీల్ టేపులు ప్లే చేయడం తెలిసినవాళ్లు కావాలంటున్నారు. వాలంటీర్ వర్క్. వెళ్తావా?"

"ఏ స్పీడ్ టేపులట?"

"అదేం రాయలేదు."

"కనుక్కో," అని లేచి, ప్యాంటు ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్లిపోయాడు.

వెస్ట్ ఓక్లాండ్‌లో సెవెన్త్ స్ట్రీట్ పొడవునా ఒకప్పుడు జాజ్ క్లబ్బులుండేవి. పగలు రైల్వేలోనూ ఓడరేవులోనూ పనిచేసే నల్లజాతి జనం సాయంత్రానికి శుభ్రమైన బట్టలు వేసుకుని అక్కడికి చేరేవాళ్లు. తర్వాత ఇళ్ల మీదుగా ఫ్రీవే వచ్చింది, వీధి నెత్తిన రైలు పట్టాలు వచ్చాయి. క్లబ్బుల్ని కూలగొట్టారు. ఆ వీధి జ్ఞాపకాన్ని నిలబెట్టాలని కొందరు పెద్దవాళ్లు ఒక చర్చి హాల్లో ఫోటోలూ పోస్టర్లూ పోగుచేస్తున్నారు. అక్కడ ఓ ఇనుప బీరువాలో నలభై ఒక్క టేపులు పడి ఉన్నాయి. అవి లూసిల్ హాకిన్స్ అనే ఎనభై రెండేళ్ల ఆవిడవి. వాళ్ల నాన్న క్లబ్బు నడిపేవాడు. భర్త వాల్టర్ అందులోనే సాక్సఫోన్ వాయించేవాడు. నాన్న కౌంటర్ వెనక ఒక రికార్డర్ పెట్టుకుని ఆ కచేరీలన్నీ పట్టి ఉంచాడు.

ధర్మారావు మొదటి డబ్బా మూత తీయగానే ఘాటుగా వెనిగర్ వాసన కొట్టింది.

"వీటికి జబ్బు చేసింది మేడమ్. ఒక్కసారి ప్లే చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. రెండోసారికి ఏం మిగులుతుందో చెప్పలేను," అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

"నాకూ అంతే మిస్టర్ రావు," అంది లూసిల్. "మొదలుపెట్టండి."

మంగళవారాలూ శుక్రవారాలూ ఆయన రైలెక్కి వెళ్లేవాడు. టేపు ఎండుటాకులా పుటుక్కున తెగిపోయేది. బ్లేడుతో కొసలు ఏటవాలుగా కోసి, అతికించి, మళ్లీ తిప్పేవాడు. లూసిల్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. పైన రైలు వెళ్తున్నప్పుడు వేలెత్తి ఆపమనేది. రైలు పోయాక చెప్పేది: "ఆ నవ్వు బెర్నీస్‌ది. మా గిన్నెలు తోమేది." "ఆ డ్రమ్స్ అతను పొద్దున్నే రైల్లో సామాన్లు మోసేవాడు." ధర్మారావు ప్రతి పేరూ గుండ్రటి అక్షరాలతో నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. జాజ్ ఆయనకు కొత్త. కానీ ఒకడు రాగం అందుకుని మనోధర్మం కొద్దీ ఎక్కడికో వెళ్తుంటే మిగతావాళ్లు తగ్గి చోటివ్వడం, వాడు తిరిగొచ్చాక అందరూ కలిసి అందుకోవడం ఆయనకు బాగా అర్థమైంది.

ఆ నలభై ఒక్కటిలో లూసిల్‌కి కావలసింది ఒక్కటే. క్లబ్బు మూసేసిన చివరి రోజున వాల్టర్ ఆమె కోసం కట్టిన పాట వాయించాడు. ఆ తర్వాత గోదాములో పనికి కుదిరి, సాక్సఫోన్ అమ్మేసి, ఏడేళ్లకు చనిపోయాడు. ఆ పాట ఇంకెక్కడా రికార్డు కాలేదు. డబ్బా మీద నాన్న చేతిరాతతో "ఆఖరి రోజు" అని ఉంది. "దాన్ని చివర్లో విందాం," అనేది లూసిల్. "అందాకా బతకడానికి నాకో సాకు ఉండాలిగా."

రెండేళ్లు పట్టింది. 2011 అక్టోబర్‌లో ఒక శుక్రవారం ఆ ఒక్క డబ్బా మిగిలింది. లూసిల్‌కి ఆ రోజు జ్వరం, రాలేదు. ఒకవేళ టేపు తెగితే ఆమె కళ్లముందు తెగకూడదని, ధర్మారావు ఒక్కడే మెషీన్ మీద పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించసాగాడు.

హెడ్‌ఫోన్స్‌లో ఎవరో పాస్టర్ ప్రసంగం వినిపించింది. పది నిమిషాలు చూశాడు, ఇరవై నిమిషాలు చూశాడు. ప్రసంగం, భక్తిపాట, మళ్లీ ప్రసంగం. చిట్టచివర ప్రసంగం ఠక్కున ఆగిపోయి, అది చెరపని పాత రికార్డింగ్ రెండు నిమిషాలు బయటపడింది. చప్పట్లు, కుర్చీలు జరిపిన చప్పుడు, ఒక మగ గొంతు. సాక్సఫోన్ లేదు.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన చేతిమీదుగా ఇలాంటిదే జరిగింది. టేపులు దొరకని రోజులవి. పాతవి చెరిపి మళ్లీ వాడమని పైనుంచి జాబితా వచ్చింది. అందులో ఈశ్వరయ్య అనే నాదస్వర విద్వాంసుడి కచేరీ ఉంది. ధర్మారావు చెరిపేశాడు. మూడేళ్లకు ఈశ్వరయ్య పక్షవాతంతో మూతి వంకరపోయి, కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. "ఇక వాయించలేను నాయనా, ఒక్కసారి నా కల్యాణి వినిపించు," అన్నాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. వెతుకుతున్నాం, మళ్లీ రండి అన్నాడు ధర్మారావు. ఈశ్వరయ్య నాలుగుసార్లు వచ్చాడు. ఐదోసారి రాలేదు.

మంగళవారం లూసిల్ మెడలో ముత్యాల దండ వేసుకుని వచ్చింది. మిగతా టేపుల్లోంచి వాల్టర్ వాయించిన ఏదో ఒకటి వినిపించి ఇదే అనేయొచ్చన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు.

"మేడమ్, పాట లేదు. దానిమీద ఎవరో పాస్టర్ ప్రసంగం రికార్డు చేశారు. చివర్లో రెండు నిమిషాలే పాతది మిగిలింది."

ఆమె అర్థం కానట్టు చూసింది. "వినిపించండి," అంది.

పాస్టర్ రెండు మాటలు అన్నాడో లేదో ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఆపండి. అది చేసింది నేనే. అప్పట్లో అమ్మ మంచం పట్టింది. చర్చికి వెళ్లలేనని ఏడ్చేది. ఏదో ఖాళీ టేపనుకుని రికార్డర్ పట్టుకెళ్లాను. మీద రాసింది చూసుకోకుండా ఆ డబ్బాలోంచే తీసి ఉంటాను. నా చేత్తో..."

పైన రైలు వెళ్లింది. అది వెళ్లిపోయాక ధర్మారావు ఈశ్వరయ్య సంగతి చెప్పాడు. భార్యకు కూడా చెప్పని సంగతి. లూసిల్ అంతా విన్నది. ఊరడించలేదు, తప్పుపట్టనూ లేదు.

"నాలుగుసార్లు తిప్పారా ఆయన్ని?" అని మాత్రం అడిగింది.

"నాలుగుసార్లు."

"నన్ను ఒక్క వారం కూడా తిప్పలేదు. మంచిది. మిగిలిందేదో పెట్టండి," అంది.

చప్పట్లు వినిపించాయి. వాల్టర్ గొంతు, అలసిపోయి, నవ్వుతూ: "ఇక ఇళ్లకు వెళ్లండి. గుమ్మం దగ్గర మెట్టు చూసుకోండి."

లూసిల్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. "ఆ మెట్టు మీద ప్రతివాడూ పడేవాడు," అంది చేతుల వెనకనుంచి. "మళ్లీ పెట్టండి."

ఆ రోజు ఎన్నిసార్లు పెట్టాడో ఆయనకే తెలీదు. వెళ్తూ వెళ్తూ ఆమె, "ఈ టేపు పారేయొద్దు. ఏం పోయిందో, ఎలా పోయిందో రాసి పెట్టండి. ఉన్నవి మాత్రమే చూపిస్తే జనం ఇంతే ఉండేదనుకుంటారు," అంది.

ఫిబ్రవరిలో లూసిల్ నిద్రలోనే పోయింది. చర్చిలో ఆమె కోసం నలభై టేపుల్లోంచి వాల్టర్ వాయించినవి మూడు వినిపించారు. ధర్మారావు వెనక వరసలో, విజయశ్రీ పక్కన కూర్చుని, తల వంచుకుని విన్నాడు. ముందు వరసలో ఏడుస్తున్న ముసలివాళ్లలో చాలామంది పేర్లు ఆయనకు తెలీవు. ఆ ముఖాల్ని గుర్తుపట్టి చెప్పే మనిషి శవపేటికలో ఉంది.

జూన్‌లో ఆ చర్చి హాల్లోనే వీధి జ్ఞాపకాల ప్రదర్శన తెరిచారు. కుర్రకారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తమ తాతల వీధిలో మోగిన డ్రమ్స్ విని కాళ్లు ఆడించారు. ఒక అద్దాల పెట్టెలో ఆ నలభై ఒకటో టేపు, దాని కింద ధర్మారావు రాసిన కార్డు ఉన్నాయి. అందులో పాట గురించి, మంచాన పడ్డ తల్లి గురించి, కూతురు పట్టుకెళ్లిన రికార్డర్ గురించి ఉంది. "చెరిపేసింది" అన్న మాట రాయడానికి మూడు కార్డులు చించాడు. ఆమె కోరింది కాబట్టి నాలుగో దానిమీద రాశాడు.

"కార్ తీసుకొస్తాను నాన్నా, ఇక్కడే ఉండు," అని విజయశ్రీ బయటికి వెళ్లింది. ఒకావిడ కార్డు చదివి, ఆ పాట ఎలా ఉండేదో మీకు తెలుసా అని ఆయన్ని అడిగింది.

"తెలీదండీ," అన్నాడు ధర్మారావు. "తెలిసినావిడ ఇప్పుడు లేరు."