రెండు గంటల ముందయ్య

మా ముందయ్యకి ఒకే ఒక్క జబ్బు. ఎక్కడికైనా సరే, రెండు గంటలు ముందు చేరకపోతే ప్రాణం నిలవదు. సినిమాకి వెళితే ముందాటలో హీరోయిన్ ఇంకా ఏడుస్తుండగానే గేటు దగ్గర నిలబడే రకం. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, ఎవరూ పిలిచేవాళ్లు కాదు. అలాంటివాడితో ఓడలో నాకు గది కలిపారు. నేనేమో పుట్టడమే పదిరోజులు ఆలస్యంగా పుట్టానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మేము సముద్రశాస్త్రం విద్యార్థులం. సెమిస్టరంతా ఓడలోనే చదువు. వేడి దేశాల తీరాల వెంట రేవుకి రెండు రోజులు ఆగుతూ మడ అడవులూ ఆటుపోట్లూ చూసి నేర్చుకోవాలి. సాయంత్రం ఆరింటికల్లా ఓడ మెట్ల దగ్గర కార్డు గీకాలి. ఒకసారి ఆలస్యమైతే తర్వాతి రేవులో దిగనివ్వరు. రెండోసారైతే అక్కడినుంచే విమానమెక్కించి ఇంటికి పంపేస్తారు, సెమిస్టరు గోవిందా! లైను ఎవరివల్ల ఆగితే ఆలస్యం వాళ్లొక్కరి పేరునే రాస్తారు. మొదటి రేవులోనే మడ బురదలో దిగబడిన చెప్పు కోసం వెతుకుతూ నా మొదటి ఆలస్యాన్ని ఘనంగా పూర్తిచేశాను. రెండో దేశాన్ని గది కిటికీలోంచి దర్శించుకున్నాను.

ఆ రోజు నుంచీ ముందయ్య నన్ను శనిలా పట్టుకున్నాడు.

"లే, పోదాం."

"ఒరేయ్, మూడున్నరే కదరా!"

"ఆరు కావడానికి ఇంకెంతసేపుంది?"

"రెండున్నర గంటలుంది."

"చూశావా, మనకింక అరగంటే ఉంది!"

అతని పుణ్యమా అని ఆపైన మూడు దేశాలు చూశాను, అంటే మూడు రేవుల ప్రహరీగోడలు. ఏ గోడ పెచ్చులూడిందో, దేని మీద పిల్లి పడుకుంటుందో ఇప్పుడడిగినా చెప్పగలను. మెట్ల దగ్గరి ఆఫీసరమ్మ ఒకరోజు, "ఏం బాబూ, మీరు అసలు దిగారా?" అంది. అది మెచ్చుకోలనుకుని ముందయ్య రెండు రోజులు మురిసిపోయాడు.

ఆరో రేవులో నాకు ఒళ్లు మండింది.

"నీకో దణ్ణంరా బాబూ! ఈ ఒక్కరోజూ నన్నొదిలెయ్."

"సరే పో. ఉప్పుటేరు అవతలికి మాత్రం వెళ్లకు. నాలుగింటికల్లా నీళ్లు తీసేస్తాయి, పడవ కదలదు."

"ఆటుపోట్ల పరీక్షలో నీకంటే ఎనిమిది మార్కులు ఎక్కువ నాకు. నువ్వా నాకు చెప్పేది?"

ఆ ఎనిమిది మార్కులూ వెంటబెట్టుకుని ఏరు దాటి, అవతలి ఇసుకలో హాయిగా నడుం వాల్చాను. లేచి వచ్చేసరికి పడవ బురదలో కూలబడి ఉంది. పడవవాడు నన్ను ఎగాదిగా చూసి, "చదువుకున్నోళ్లలా ఉన్నారు, నీళ్లెప్పుడు తీస్తాయో తెలీదా?" అన్నాడు. నా మార్కుల సంగతి ఎత్తలేదు. మోకాలిలోతు బురదలో కాళ్లీడ్చుకుంటూ దాటి, పడుతూ లేస్తూ రేవుకి పరుగెత్తేసరికి ఆరూ పది. నా చదువు అయిపోయింది. ఇంట్లో ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక నిజంగానే ఏడుపొచ్చేసింది.

తీరా చూస్తే మెట్ల కింద ఇరవైమంది లైను. లైను మొదట్లో ముందయ్య, సంచీ నేలమీద బోర్లించుకుని కూర్చున్నాడు!

"కార్డేదయ్యా?" అంటోంది ఆఫీసరమ్మ.

"ఇక్కడే పెట్టానండీ. ఇది గొడుగు. ఇది పెన్ను. ఇదీ పెన్నే. ఉండండి, రాస్తుందో లేదో చూస్తాను."

"నీ నిదానం తగలెయ్యా!" అని వెనక నుంచి కేకలు.

నేను చప్పుడు చెయ్యకుండా లైను చివర నిలబడ్డాను. ముందయ్య ఓరకంట చూశాడు. వెంటనే చొక్కా జేబులోంచి కార్డు తీసి, "అరె, ఇక్కడే ఉందండీ!" అన్నాడు. ఆఫీసరమ్మ ఆలస్యాన్ని అతని పేరున రాసింది. నా వంతు వచ్చినప్పుడు బురద కాళ్లకేసి చూసి, "లైనులో ఉన్నావుగా, పో" అంది.

తర్వాతిదే మా ఆఖరి రేవు. అందరం దిగుతుంటే అతనొక్కడే పైన నిలబడిపోయాడు. నేను దిగబోయి మళ్లీ అతని దగ్గరికి వచ్చాను.

"నావల్ల నీకో దేశం పోయింది కదరా."

"పిచ్చోడా! సాయంత్రం ఆరింటికి ఉండాల్సినచోట పొద్దున ఆరింటికే ఉన్నాను. పన్నెండు గంటలు ముందు! నా జన్మలో ఇంత ముందు ఎక్కడా లేను."

నాకు ఆ ఊళ్లో కాలు నిలవలేదు. మూడింటికే తిరిగొచ్చేశాను. ముందయ్య మెట్ల పైనే కాపు కాస్తూ వాచీ చూసుకుంటున్నాడు.

"ఏరా, ఇంత ఆలస్యమా?"