ఇక్కడ దిగరాదు

ఎం.ఏ. తెలుగు చదివి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నేనొక మాట రాయాలే గానీ లోకం తలవంచి నడుచుకుంటుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. సింగరాయకొండ దాటాక సముద్రం ఒడ్డున కొత్తగా వేసిన నడక దారి మీద, వచ్చేవాళ్ళ సౌకర్యాలు చూసే కాంట్రాక్టు కొలువు నాది. అంటే కుళాయిలో మంచినీళ్ళొస్తున్నాయా, మరుగుదొడ్లకు గడియలు పడుతున్నాయా, జనం బెంచీల మీద కూర్చుంటున్నారా, పడుకుంటున్నారా అని చూడడం. (పడుకునేవాళ్ళే ఎక్కువ.) మా అమ్మ మాత్రం ఊళ్ళో మిరప చేలన్నిటికీ వినబడేలా, మా అమ్మాయి సముద్రాన్ని చూసుకుంటోందని చెప్పేది.

ఆ దారి మలుపు తిరిగే చోట సముద్రం చూడ్డానికి ఎంతో బుద్ధిగా ఉంటుంది. నాలుగడుగులు లోపలికి వేస్తే మాత్రం కాళ్ళ కింద ఇసుక జారిపోయి మనిషి మునిగే గుంట. అక్కడ హెచ్చరిక బోర్డు పెట్టాలన్నారు మా సూపర్‌వైజర్ గారు. తక్కువ మాటల్లో ఎక్కువ అర్థం రావాలని ఆయనకు చిన్న ఉపన్యాసమిచ్చి, ఎర్ర రంగుతో 'ఇక్కడ దిగరాదు' అని రాయించాను. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక, మిరప కోతలు ముగించుకున్న ఒక కుటుంబం ఆటో నిండా వచ్చింది. నేను కుళాయి దగ్గర్నుంచి వచ్చేసరికి అందరూ చేతులు పట్టుకుని, సరిగ్గా ఆ మలుపులోనే మోకాళ్ళ లోతు నీళ్ళల్లో ఉన్నారు. బోర్డు చూడలేదా అని కేకేశాను. వాళ్ళ పెద్దాయన నొచ్చుకున్నాడు.

"చూశామమ్మా, మేమూ చదువుకున్నోళ్ళమే. ఇక్కడ ఫోటోలు దిగకూడదని రాశారుగా. అందుకే ఫోన్లన్నీ ఆటోలోనే పెట్టొచ్చాం."

నా ఎం.ఏ. ఆ ఒక్క మాటతో నీళ్ళపాలైంది. గుంట ఉంది, వచ్చెయ్యమంటే నవ్వుతున్నారు. ఇంకో అల వచ్చి చిన్నపిల్ల గౌను నడుం దాకా తడిపింది. ఇక వ్యాకరణం చెప్పే వేళ కాదు.

"బయటికి రండి బాబాయ్ గారూ, ఫోటో నేనే తీస్తా. పర్మిషన్ నేనిస్తున్నా."

తల దువ్వుకుంటూ, చీరలు సర్దుకుంటూ అందరూ ఒడ్డెక్కారు. బోర్డు పక్కన నిలబెట్టి నా ఫోన్‌తో తీస్తుండగానే, వెనకాల పెద్ద అల వచ్చి వెళ్ళింది. ఇందాక వాళ్ళు నిలబడ్డ చోట ఇసుక లేదు, నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. పెద్దాయన అటు చూసి, చిన్నపిల్లను ఎత్తుకున్నాడు.

మర్నాడు బోర్డు మార్పించాను: 'ఫోటో దిగండి. నీళ్ళల్లోకి దిగొద్దు, గుంట ఉంది.' ఇదేం భాషండీ అన్నారు సూపర్‌వైజర్ గారు. (ఆయన సకుటుంబంగా ఆ బోర్డు దగ్గర దిగిన ఫోటో తర్వాత వాళ్ళ హాల్లో చూశాను.) జనం సముద్రానికి వీపు పెట్టి, బోర్డు మీద చెయ్యేసి ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. నేనున్నన్నాళ్ళూ ఆ మలుపులో ఎవరూ నీళ్ళల్లోకి దిగలేదు. నేను రాసినవాటిలో ఇంతమంది చదివింది, చదివి మాట విన్నది ఇంకొకటి లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మొన్న మళ్ళీ వెళ్ళాను. రంగు కొత్తగా వేశారు, మాటలు మాత్రం నావే. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఫోన్ నా చేతికిచ్చి, "ఆంటీ, బోర్డు మొత్తం పడాలండీ" అన్నారు. ఆంటీ అన్న మాట కొంచెం గుచ్చుకుంది గానీ, బోర్డు మొత్తం పడేలాగే తీశాను. తీశాక నాకూ ఒకటి తియ్యమని వెళ్ళి నిలబడ్డాను. అన్నాళ్ళు పనిచేసినా, అక్కడ నేను ఫోటో దిగడం అదే మొదటిసారి.